పాత కారులో కరెంటు పోయి వస్తోందా? లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

బండి బాగానే నడుస్తుంటుంది. స్పీడ్ బ్రేకరు దిగగానే డ్యాష్‌బోర్డు దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోతాయి, పాట ఆగిపోతుంది, ఇంజన్ చచ్చిపోతుంది. పక్కకు తీసి తాళం మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే గంటసేపు నిలబెట్టినా అక్కడ వంక పెట్టడానికేమీ దొరకదు. "బ్యాటరీ మార్చి చూద్దాం సార్" అంటాడు. మారుస్తారు. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. తర్వాత బ్యాటరీని ఛార్జి చేసే డైనమో, ఆ తర్వాత తాళం చెవి వెనకుండే ఇగ్నిషన్ స్విచ్. చివరికి సామానంతా కొత్తదే, జబ్బు మాత్రం పాతదే.

ఇలాంటి లోపాన్ని సరిచేయడానికి చాలాసార్లు పదో నంబరు పానా, కాస్త ఎమరీ పేపరు చాలు. కష్టమంతా అదెక్కడుందో తెలుసుకోవడంలోనే. బండి మంచిగా ఉన్నప్పుడు ఎన్ని కొలతలు తీసినా అన్నీ సరిగ్గానే వస్తాయి. లోపం బయటపడ్డ ఆ కాసేపట్లో ఏం చూడాలో మీకు ముందే తెలిసి ఉండాలి. పార్టు కొనడం చిట్టచివరి పని.

ఉదాహరణకి మారుతి 800 తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ బండ్లు మన ఊళ్లలో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. వైరింగ్ తక్కువ, దాదాపు అంతా చేతికందుతుంది. నా లెక్కలో ఈ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి లేదు. అంబాసిడర్‌కైనా, పాత జెన్‌కైనా, శాంత్రోకైనా వెతికే వరస ఇదే. ఏ డబ్బీ ఎక్కడుందన్నదే మారుతుంది.

మొదలుపెట్టే ముందు

లోపం దొరికేదాకా ఆ బండిని రాత్రిపూట నడపొద్దు, హైవే ఎక్కించొద్దు. హెడ్‌లైట్లు ఆరిపోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతే, బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, ఆపైన పెడలు రాయిలా అవుతుంది. అందుకని బ్రేకు పదేపదే తొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కిపట్టి ఎడమ పక్కకు తీయండి. కంగారులో తాళం చెవి బయటికి లాగేయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది.

బ్యాటరీ మీద చెయ్యి వేసే ముందు ఉంగరం, గాజులు, స్టీలు గొలుసున్న వాచీ తీసేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఈ వరస తప్పితే పాజిటివ్ మీదున్న పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. బ్యాటరీ పైన హైడ్రోజన్ కూడా చేరి ఉండొచ్చు. ఇంకో మాట: డైనమో పనిచేస్తోందా లేదా చూడ్డానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒప్పుకోవద్దు. ఆ క్షణంలో వోల్టేజీ ఎగదన్ని రెగ్యులేటరో, ఎంపీఎఫ్ఐ బండి (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేది) అయితే ఈసీఎమ్మో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరో పోతుంది.

కావలసిన సామాను

డిజిటల్ మల్టీమీటరు ఒకటి, కొన్ని వందల రూపాయల్లో వచ్చేదే చాలు. ఇండికేటరులో వాడే 21 వాట్ల బల్బు ఒకటి, పార్కింగ్ దీపాలకు వాడే 5 వాట్ల బల్బులు రెండు, వాటికి హోల్డర్లు, రెండేసి మీటర్ల తీగ, మొసలి క్లిప్పులు. పానాలు, వైరు బ్రష్షు, ఎమరీ పేపరు, వంటసోడా, వాజిలిన్, టార్చి. ఒక చిన్న నోటుపుస్తకం.

మీటరుండగా బల్బు ఎందుకంటారా? మీటరు తనకోసం లాక్కునే కరెంటు దాదాపు సున్నా. తీగలో పోగులన్నీ తెగి, చిలుము మీదుగా అరకొరగా తాకుతున్నా మీటరు నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. అదే తీగకి 21 వాట్ల బల్బు తగిలిస్తే దాదాపు 1.75 ఆంపియర్లు పారాలి. ఆ అరకొర తాకుడు అంత మోయలేదు, బల్బు గుడ్డిగా వెలుగుతుంది, లేదా వెలగనే వెలగదు. మీటరు మాట నమ్మి "ఇక్కడిదాకా కరెంటు వస్తోంది" అనుకుని దాటేసిన చోటే అసలు తప్పు దాక్కుని ఉంటుంది. అయితే ఎంపీఎఫ్ఐ బండిలో ఈసీఎమ్, సెన్సర్ల తీగల జోలికి ఈ బల్బుతో వెళ్లొద్దు, వాటికి మీటరే.

మొదటి మెట్టు: ఏం ఆరింది, ఏం వెలుగుతోంది

బండి బాగున్నప్పుడే తాళం తీసేసి ఒక్కొక్కటీ నొక్కి చూడండి: హారను, బ్రేకు దీపం, లోపలి దీపం, హజార్డు, హెడ్‌లైటు, వైపరు, ఇండికేటరు, స్టీరియో. తాళం లేకుండా పనిచేసేవి ఒక వైపు, తాళం తిప్పితేనే పనిచేసేవి ఒక వైపు రాసుకోండి. పావుగంట పని. తర్వాత రోజుల తరబడి తిరగకుండా కాపాడేది ఈ కాగితమే.

కరెంటు దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి మెయిన్ ఫ్యూజు, అక్కడినుంచి రెండు దారులు. ఒకటి నేరుగా ఫ్యూజు డబ్బీకి పోయి తాళంతో పని లేనివాటిని నడుపుతుంది. రెండోది ఇగ్నిషన్ స్విచ్ గుండా పోయి మిగతావాటికి, ఇంజన్ కాయిల్‌కి అందుతుంది. అన్నీ తిరిగి బాడీ మీదుగా, ఎర్త్ తీగ గుండా బ్యాటరీ నెగటివ్‌కి చేరాలి.

లోపం వచ్చినప్పుడు కంగారుపడకుండా బండి ఆపి, తాళం కదపకుండా ఆ రెండు వరసల్లోంచీ ఒక్కొక్కటి నొక్కండి. మొత్తం చచ్చిపోతే బ్యాటరీ, ఎర్త్, మెయిన్ ఫ్యూజు, ఈ మూడింట్లో ఒకటి. తాళంతో నడిచేవే పోతే ఇగ్నిషన్ స్విచ్, దాని కప్లర్ (తీగల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు). దీపాలన్నీ దివ్యంగా ఉండి ఇంజన్ ఒక్కటే ఆగితే కాయిల్, ఇగ్నైటర్, పెట్రోల్ వైపు చూడాలి, ఈ వ్యాసంతో దానికి పెద్దగా పని లేదు. ఏదో ఒక్క దీపమో వైపరో మాత్రమే పోయి వస్తుంటే దాని ఫ్యూజు, దాని కప్లర్, దాని సొంత ఎర్త్ వరకే చూసుకోండి, మిగతా బండి జోలికి పోకండి.

రెండో మెట్టు: బ్యాటరీ టెర్మినళ్లు

మొత్తం చచ్చిపోయే కేసుల్లో ముందు చూడాల్సింది ఇక్కడే. పోస్టును పట్టుకునే క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పండి. పానా లేకుండా ఏమాత్రం కదిలినా సరిగ్గా బిగిసిలేనట్టే. పైకి గట్టిగా ఉన్నా లోపల చిలుము పట్టి ఉండొచ్చు. విప్పి చూస్తే సీసపు పోస్టు చుట్టూ నల్లటి పొర, క్లాంపు లోపల తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తుంది.

విప్పకుండానే తెలుసుకోవచ్చు కూడా. మీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక మొన సీసపు పోస్టు మీద, రెండోది దాని క్లాంపు మీద ఆనించండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రెండూ అతుక్కుని ఉండాల్సిన ముక్కలు కాబట్టి సున్నాకి దగ్గరగా రావాలి. అర వోల్టు వస్తే ఆ కనబడని పొర దగ్గరే కరెంటు ఆగిపోతోంది. పాజిటివ్‌కీ నెగటివ్‌కీ విడివిడిగా చేయండి. మీటరు ఎర్ర తీగ పొరపాటున 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోలేదు కదా అని ప్రతిసారీ చూసుకోండి. అలా ఉంచి వోల్టేజీ కొలవబోతే మీటరు గుండా నేరుగా షార్టవుతుంది.

లోపలి దీపం వెలుగుతూనే సెల్ఫ్ మాత్రం కిర్రుమనకపోవడం చాలామందికి అంతుపట్టదు. లెక్క చిన్నదే. చిలుము వల్ల ఒక కీలులో 0.1 ఓమ్ అడ్డు ఏర్పడిందనుకోండి. ఒక ఆంపియరు లాగే దీపానికి పోయేది 0.1 వోల్టే, తేడా కంటికి తెలియదు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లు అడిగితే అదే అడ్డు దగ్గర 10 వోల్టులు హరించుకుపోతాయి.

శుభ్రం చేసేందుకు గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పోసి, బ్రష్షుతో తోమి, మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. బ్యాటరీ మూతల రంధ్రాల్లోకి సోడా నీళ్లు దిగనివ్వొద్దు. లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాకే పైన వాజిలిన్ రాయండి. ముందే రాసి బిగించడం కంటే ఇదే మేలు. క్లాంపు పూర్తిగా బిగుసుకుపోయినా పోస్టు మీద ఆడుతుంటే మధ్యలో రేకు ముక్కలు, మేకులు దూర్చకుండా క్లాంపు మార్చేయండి.

బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే. ఛార్జి చేసినా 10.5 దగ్గరే ఆగితే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టు. నిలబడ్డప్పుడు 12.6 చూపిస్తూ హెడ్‌లైటు వేయగానే ఒక్కసారి కూలిపోయి, కాసేపటికి మళ్లీ మామూలయ్యే బ్యాటరీలు కూడా ఉంటాయి. సెల్లుల మధ్య అతుకు లోపల విరిగితే ఇలా జరుగుతుంది. దానికి మందు లేదు, మార్చాల్సిందే.

మూడో మెట్టు: ఎర్త్

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు. అందుకే నెగటివ్ నుంచి ఇంజన్‌కో గేర్‌బాక్సుకో ఒక మందపు తీగ, బాడీకి ఇంకొకటి ఉంటాయి. ఏళ్ల తరబడి ఊగీ ఊగీ లగ్గు (తీగ చివర బోల్టుకి బిగించే లోహపు ముక్క) దగ్గర పోగులు తెగుతాయి, బోల్టు కింద తుప్పు పడుతుంది. క్లచ్ ప్లేట్ల పనికో డెంటింగ్ పెయింటింగ్‌కో ఇచ్చిన బండి తిరిగొచ్చాక ఈ జబ్బు మొదలైతే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. బోల్టు బిగించడం మర్చిపోయి ఉంటారు, లేదా లగ్గు కింద కొత్త రంగు చేరి ఉంటుంది.

ఒక గుర్తు గట్టిగా పట్టుకోండి. సెల్ఫ్ కొట్టాక క్లచ్ కేబులో యాక్సిలరేటర్ కేబులో వెచ్చబడితే, ఇంజన్ ఎర్త్ చచ్చిపోయి సెల్ఫ్ కరెంటు ఆ కేబుల్ గుండా దారి వెతుక్కుంటున్నట్టు. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

లేదంటే కొలత. నల్ల మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఎర్ర మొన ఇంజన్ మీద రంగులేని లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2, 0.3 వోల్టుల దాకా సరే, అర వోల్టు దాటితే తీగ విప్పి శుభ్రం చేయండి లేదా మార్చండి. తర్వాత ఎర్ర మొన బాడీకి మార్చి హెడ్‌లైటు, వైపరు, బ్రేకు దీపం అన్నీ వేసి చూడండి. ఇక్కడ 0.1 లోపే ఉండాలి. మీటరు చూస్తూ ఇంకో చేత్తో ఎర్త్ తీగని లాగండి, ఊపండి. అంకె ఎగిరిందంటే దొంగ చేతిలో ఉన్నట్టే.

నాలుగో మెట్టు: మెయిన్ ఫ్యూజు, ఫ్యూజు డబ్బీ

పాజిటివ్ దగ్గరున్న మెయిన్ ఫ్యూజు కొన్ని బండ్లలో డబ్బీలో ఉంటుంది, కొన్నిటిలో ఫ్యూజిబుల్ లింకు అనే తీగ ముక్క రూపంలో. ఈ తీగ మహా మోసకారి. పైన తొడుగు చెక్కు చెదరదు, లోపలి లోహం తెగి ఉంటుంది. రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. వేడెక్కినప్పుడు విడిపోయి, చల్లబడ్డాక తాకి మళ్లీ కరెంటు ఇచ్చే లింకులూ ఉంటాయి.

డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు డబ్బీలో ఒక్కో ఫ్యూజు తీసి కాళ్లు చూడండి. కాలు నల్లబడినా, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, కరిగినా ఆ క్లిప్పు పట్టు వదిలేసిందని అర్థం. ఫ్యూజు మార్చితే కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలవుతుంది, ఎందుకంటే చెడింది క్లిప్పు. పక్క వైపు సన్నటి స్క్రూడ్రైవరుతో కాస్త నొక్కి బిగువు చేయొచ్చు, మరీ కాలిపోయి ఉంటే ఆ ఒక్క లైనుకి విడిగా ఫ్యూజు హోల్డరు వేసుకోండి. 15 ఆంపియర్ల చోట 30 పెట్టడం, రాగి తీగ చుట్టడం, సిగరెట్టు పెట్టెలో కాగితం దూర్చడం బండి తగలబెట్టుకోవడానికే.

ఐదో మెట్టు: ఇగ్నిషన్ స్విచ్

తాళంతో నడిచేవే పోతున్నాయని మొదటి మెట్టులో తేలితే నేరుగా ఇక్కడికి రండి. బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తుండగా తాళం చెవిని అటూ ఇటూ కొద్దిగా ఆడించండి. దీపాలు మిణుకుమంటే సంగతి తెలిసిపోయినట్టే. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ ఒకే గుత్తికి వేలాడదీస్తే ఆ బరువుకే లోపలి కాంటాక్టులు అరిగిపోతాయి. చెవి తిరిగే బ్యారెల్ వేరు, దాని వెనక తీగలు వచ్చే స్విచ్ వేరు. చాలా బండ్లలో ఆ వెనక ముక్కని విడిగా మార్చుకోవచ్చు, తాళం సెట్టంతా కొనాల్సిన పని లేదు. కొనే ముందు కప్లర్ విప్పి చూడండి. ఒక పిన్ను కాలి నల్లబడి ఉంటే కొత్త స్విచ్ కూడా అదే కప్లర్‌లో మళ్లీ కాలుతుంది.

ఆరో మెట్టు: తర్వాత బిగించినవి

పాత బండి వైరింగ్‌లో కంపెనీ వేసిన తీగల కంటే తర్వాత చేరినవాటిని నేనెక్కువ అనుమానిస్తాను. స్టీరియో, సెంట్రల్ లాకు, రివర్సు హారను, ఫాగ్ ల్యాంపులు, దొంగల భయంతో పెట్టించిన రహస్య స్విచ్, ఎల్‌పీజీ కిట్టు. వీటిలో ఇంజన్ ఆపే ఏర్పాటున్నది ఏదైనా ఇగ్నిషన్ తీగని కోసి మధ్యలో చేరుతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన ఆ అతుకు ఎండకి టేపు జిగురు కారి ఊడుతుంది. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి జిగురుగా తగిలే చోటల్లా విప్పి చూడండి. అనుమానమున్నదాన్ని పూర్తిగా తీసేసి, తీగని మునుపటిలా కలిపి కొన్నాళ్లు నడపడం మంచి పరీక్ష.

అపార్టుమెంటు సెల్లార్లో నిలిపే బండికి ఎలుకలు. బ్యాటరీ కింద, బానెట్ లైనింగులో గింజల పొట్టు, పెంటికలు ఉన్నాయేమో చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల బండ్లలో ఉప్పు గాలికి చిలుము తొడుగు లోపలిదాకా పాకుతుంది. తీగ కోసి చూస్తే రాగి నల్లగా ఉంటుంది. ఎర్ర రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ పోయి అక్కడ అతికించండి.

డైనమో గురించి రెండు ముక్కలు చాలు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే అది తన పని తాను చేస్తోంది. డైనమో ఆగిపోయినా బ్యాటరీ కాసేపు నడిపిస్తుంది, దీపాలు మెల్లగా డల్ అవుతాయి. ఠక్కున ఆరి ఠక్కున వెలిగే జబ్బుకి డైనమో మార్చడం సాధారణంగా డబ్బు దండగ.

దొరక్కపోతే: రెండు బల్బుల ఉచ్చు

ఇన్ని చూసినా లోపం దొరక్కపోతే దాని కోసం కాపు కాయాలి. 5 వాట్ల బల్బులు రెండూ డ్యాష్‌బోర్డు మీద కనబడేలా టేపుతో అతికించండి. ఒకదానికి తాళం లేకున్నా కరెంటుండే ఫ్యూజు నుంచి, రెండోదానికి తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు నుంచి తీగ ఇవ్వండి. యాక్సెసరీల షాపుల్లో దొరికే ఫ్యూజు ట్యాపు (ఫ్యూజు చోట గుచ్చి అదనపు తీగ తీసుకునే ముక్క) వాడితే క్లిప్పు పాడవదు. రెండు బల్బుల ఎర్త్ తీగలనూ బాడీకి కాకుండా విడిగా ఒక తీగతో బ్యాటరీ నెగటివ్ పోస్టు దగ్గరికే తీసుకెళ్లండి. కిటుకంతా ఇందులోనే ఉంది. తీగలు స్టీరింగుకీ పెడళ్లకీ అడ్డం రాకుండా కట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఫోనులో వీడియో తీయమనండి. బండి నిలిపేటప్పుడు మొదటి బల్బు పీకేయండి, లేకపోతే అది వెలుగుతూనే ఉండి బ్యాటరీని దించుతుంది.

లోపం వచ్చినప్పుడు రెండూ ఆరితే తప్పు బ్యాటరీకీ ఫ్యూజు డబ్బీకీ మధ్య. రెండోది ఒక్కటే ఆరితే ఇగ్నిషన్ స్విచ్ దారి. రెండూ వెలుగుతూనే డ్యాష్‌బోర్డు చీకటైతే బాడీ ఎర్త్. రెండూ వెలుగుతూ, డ్యాష్‌బోర్డు బాగుండి, ఇంజన్ ఒక్కటే ఆగితే వెతకాల్సింది ఇంజన్ వైపు.

రోడ్డు మీద రాకుండా మొండికేస్తే ఇంటి దగ్గరే రప్పించవచ్చు. బల్బులు వెలుగుతుండగా ఒక్కో తీగకట్టని పిడికిట్లో పట్టుకుని ఊపండి, కప్లర్లని వేలితో తట్టండి. ఇంజన్ వేడెక్కాకే వచ్చే లోపమైతే హెయిర్ డ్రయ్యరుతో రిలే, కప్లర్, స్విచ్ ఒక్కొక్కటీ వేడి చేసి చూడండి. వానకే వస్తుంటే స్ప్రే సీసాతో ఒక్కో చోట కాసిని నీళ్లు చల్లండి. ఒకేసారి రెండు చోట్ల కదపొద్దు, అలా చేస్తే ఏది కారణమో తెలియదు.

దొరికిన అతుకుని మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే ఆరో మెట్టు మళ్లీ మొదటికొస్తుంది. సరైన లగ్గు వేసి క్రింప్ చేయండి (పట్టకారుతో నొక్కి బిగించండి), లేదా సోల్డరు చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, ఆ చోటు ఊగకుండా పక్క తీగకట్టకి కట్టేయండి.

ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వాలనుకున్నా నోటుపుస్తకం, వీడియో పట్టుకెళ్లండి. "అప్పుడప్పుడూ కరెంటు పోతోంది అన్నా" అంటే అతను బ్యాటరీతో మొదలుపెడతాడు. "స్పీడ్ బ్రేకరు మీద తాళం లైను ఒక్కటే పోతోంది, హారను మోగుతోంది, బాడీ ఎర్త్ డ్రాప్ 0.05" అంటే నేరుగా స్టీరింగ్ కింద చెయ్యి పెడతాడు. బాగుచేశాక బల్బులు వెంటనే పీకేయకండి. అదే స్పీడ్ బ్రేకరు మీదుగా, అదే ఎండలో, కుదిరితే ఒక వాన పడ్డ రోజు కూడా నడిపి చూసి, అప్పుడు తీయండి.